కొసరు వద్దన్న సోంబరు

డుంబ్రిగుడ సంతలో మా నాయన ఉప్పు అమ్మేవాడు. కొండవాళ్ళు చింతపండో, చోళ్ళో, అడ్డాకులో తెచ్చి కుమ్మరించి, బదులుగా ఉప్పు కొలిపించుకుని పోయేవాళ్ళు. కొలత అయ్యాక ప్రతివాడూ గుడ్డ చాపి నిలబడతాడు, కొసరు కోసం. కొసరు వెయ్యని వర్తకుడికి మరుసటి వారం ఆ సంతలో బేరం ఉండదు. మా నాయన సోలలో ఎంత కొట్టేసేవాడో ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి, ఆ కొసరు ఆయన దానగుణమని నేను చెప్పబోను. కొట్టేసినదాంట్లోంచే ఒక చిటికెడు వెనక్కి వేసి మంచివాడనిపించుకోవడం అది. ఆ విద్య సర్కార్లకి కూడా వచ్చునని తర్వాత తెలిసింది.

అంత సంతలోనూ కొసరు వద్దనేవాడు ఒక్కడే ఉండేవాడు. బొడ్డగుడ సోంబరు. మా నాయన అలవాటు కొద్దీ చిటికెడు వేస్తే, దాన్ని వేళ్ళతో తీసి మళ్ళీ రాశిలో పడేసేవాడు. పలుకేమైనా గుడ్డకి అంటుకుని ఉండిపోయిందేమోనని దులిపి మరీ చూసుకునేవాడు. ఇదేదో పొగరని మా నాయన మొదట్లో అనుకున్నాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాడట.

“ఏటి సోంబరూ, నా ఉప్పు నీకంత సేదా?”

“సేదు కాదు బాబూ. బయం.”

చిటికెడు ఉప్పుకి భయపడే మనిషిని మా నాయన అంతవరకూ చూడలేదు. పులినీ పామునీ లెక్కచెయ్యక అడవిలో ఒంటరిగా తిరిగే మనిషి అతను. ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో, చివరికి ఏం చేసిందో కొంత మా నాయన చెప్పాడు, కొంత కనక అనే అతని మనవరాలు తాను ముసలిదయ్యాక చెప్పింది.

సోంబరు తల్లిని కన్నతల్లి చిన్నప్పుడు మెరియా పిల్ల. ఈ కాలంవాళ్ళకి ఆ మాట తెలియకపోవడమే మంచిది గాని, తెలియకపోతే ఈ కథ నడవదు. పూర్వం ఆ కొండల లోతట్టున కొన్ని ఊళ్ళలో, పంట పండాలని భూమికి మనిషిని ఇచ్చేవాళ్ళు. అలా ఇచ్చే మనిషిని మెరియా అనేవాళ్ళు. మెరియాని ముందుగా వెల ఇచ్చి కొనుక్కోవాలి, ఊరికే పట్టుకొస్తే చెల్లదు. కొండ దిగువ ఊళ్ళలో పిల్లల్ని ఎత్తుకొచ్చి వాళ్ళకి అమ్మినవాళ్ళు మనవైపు వాళ్ళే. కొన్నవాళ్ళని రాక్షసులంటాం, అమ్మినవాళ్ళ ఊసెత్తం.

అలా అమ్ముడుపోయిన ఆ పిల్లని ఎవరూ హింసించలేదు. అదే ఇందులో భయంకరమైన సంగతి. సొంత కూతురికన్నా బాగా చూశారు. ఏ గుమ్మం ముందు నిలబడితే ఆ ఇంటివాళ్ళు పిలిచి అన్నం పెట్టేవాళ్ళు. జుట్టు కత్తిరించనిచ్చేవాళ్ళు కాదు. కుండ పగలగొట్టినా ఒక్క మాట అనేవాళ్ళు కాదు. ఆ పిల్ల ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళో నవ్వుకుంటూ పెరిగింది. ఒకరోజు ఆడవాళ్ళు పీట వేసి కూర్చోబెట్టి, తలకి నూనె పెట్టి, ఒంటికి పసుపు రాశారు. ఆ పూట ఏమీ తినొద్దన్నారు. అన్నాళ్ళ తిండి ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది ఆ పిల్లకి. నూకలు మిగిలి ఉండి ఆ మధ్యాహ్నమే దొరల పటాలం ఊరి మీద పడింది, పిల్ల బతికింది. బతికి, పెళ్ళాడి, పిల్లల్ని కని, మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎప్పుడూ ఒకటే మాట చెప్పేది. తిట్టేవాళ్ళకి భయపడకురా, తిట్టకుండా ఊరికే పెట్టేవాళ్ళకి భయపడు.

సోంబరు ఆ మాటతోనే పెరిగాడు, ఆ మాటతోనే ముసలివాడయ్యాడు. ఎవరైనా దొప్పెడు జీలుగు కల్లు పోస్తే మర్నాడు వాళ్ళ గుమ్మంలో కట్టెలమోపు పడేసి వచ్చేవాడు. పెళ్ళి భోజనానికి పిలిస్తే గుప్పెడు సామలు ఒడిలో కట్టుకుని వెళ్ళేవాడు. ఊరివాళ్ళు నవ్వుకునేవాళ్ళు గాని అతనంటే ఎవరికీ కంటగింపు లేదు. ఇచ్చినది వెనక్కి ఇచ్చేవాణ్ణి ఎవరు ద్వేషిస్తారు?

పంతొమ్మిది వందల ఇరవై అయిదు వేసవిలో పోడు కోసం పెట్టిన నిప్పు గాలికి లేచి బొడ్డగుడ మీద పడింది. పగటిపూట కావడంతో మనుషులంతా పొలాల్లో ఉన్నారు, ప్రాణాలు దక్కాయి. ఇళ్ళు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. ఎండుగడ్డి కప్పులు, అందులోనూ ఆ ఎండలో, ఎంతసేపు కాలతాయి? ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట మరొకడు. అలాగే అడవి గార్డు వచ్చి, పోడెవడు కాల్చాడని అందరినీ అమ్మనాబూతులు తిట్టి, మిగిలిన కోళ్ళలోంచి ఒకదాన్ని పట్టుకుపోయాడు. సోంబరుకి ఆ గార్డంటే భయం లేదు. తిట్టాడు, కోడి తీసుకున్నాడు, అక్కడితో సరిపోయింది.

తర్వాత వానలు వచ్చాయి. అడ్డాకులు కప్పిన గుడిసెల్లో, కింద నీరు, పైన నీరు. ఊళ్ళో ప్రతి గుడిసెలోనూ జ్వరాలు. సోంబరు కొడుకు మంగ్లుకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదాని పేరు కనక, రెండోది ఇంకా పాలు తాగే పిల్ల. ఆ చిన్నది శ్రావణంలో తల్లి సోములమ్మ ఒళ్ళోనే చలికి బిగుసుకుపోయి చనిపోయింది. అప్పటినుంచి మంగ్లుకి ఒకటే ధ్యాస. గట్టి కప్పున్న ఇల్లు కావాలి. ఎవరిస్తేనేం, ఎందుకిస్తేనేం, కారని కప్పు కావాలి.

దసరా వెళ్ళాక ఓవర్సీరు వచ్చాడు. అంతకు కొన్నేళ్ళ ముందు ఏజెన్సీలో జరిగిన గొడవలకి పైవాళ్ళు ఉలిక్కిపడి, కొండవాళ్ళకి ఏదో ఒక మేలు చెయ్యాలని ఎక్కడో అనుకున్నారు. అనుకున్న మేలు చేతులు మారి మారి వచ్చేసరికి, కాలిపోయిన కొన్ని ఊళ్ళకి ఇళ్ళు, నుయ్యి కట్టే గ్రాంటు అయింది. ఇంటికి నిప్పంటుకున్నాక నుయ్యి తవ్వడమంటే మనం సామెతగా చెప్పుకుంటాం, వాళ్ళు నిజంగానే చేశారు.

ఓవర్సీరు మంచి మనిషి. గుర్రం దిగి, ఊరి మధ్య బండ మీద కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎవరినీ తిట్టలేదు. కోడిని అడగలేదు. సోంబరుని చూసి, “తాతా, ఇలా వచ్చి కూర్చోండి” అన్నాడు. సర్కారు మనిషి నోట ‘కూర్చోండి’ అన్న మాట వినగానే సోంబరు రెండడుగులు వెనక్కి వేశాడు.

“గ్రాంటు ఇంతే వచ్చింది. అందరికీ పెద్ద పెంకుటిళ్ళు కడితే నూతికి చాలదు. నుయ్యి తవ్విస్తే ఇళ్ళు చిన్నవవుతాయి. ఉండేది మీరు. ఏది కావాలో మీరే చెప్పండి” అన్నాడు ఓవర్సీరు.

మగవాళ్ళు ఇళ్ళన్నారు. నీళ్ళకి గెడ్డవాగు దాకా కుండలు మోసేది తాము కాబట్టి ఆడవాళ్ళు నుయ్యన్నారు. చాలాసేపు వాదించుకున్నారు. చివరికి గోడలు తామే మట్టితో పెట్టుకునేటట్టు, పునాది, పెంకు, నుయ్యి సర్కారు చేయించేటట్టు కుదిరింది. ఓవర్సీరు సంతోషించాడు. ఉగాది లోపల పనంతా అయిపోవాలని, ఖర్చు కాకుండా మిగిలినది వెనక్కి పోతుందని చెప్పాడు. అప్పుడు సోంబరు అడిగాడు.

“మరి మామేటి ఇవ్వాలి బాబూ?”

“ఏమీ ఇవ్వక్కర్లేదు తాతా.”

“సిస్తా? ఎట్టిసాకిరీయా?”

“అవేవీ కాదు. అప్పు కూడా కాదు. ఊరికే.”

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడక్కుండా, తిట్టకుండా, ఊరికే పెట్టేవాడు ఎవడో సోంబరుకి చిన్నప్పుడే తెలుసు.  ఆ సాయంత్రం కొడుకుని పక్కకి పిలిచి, ఈ ఇల్లు మనకొద్దని చెప్పాడు. మంగ్లు తండ్రి మాట ఎప్పుడూ కాదన్నవాడు కాదు. ఆ రోజు కాదన్నాడు.

“నీ అమ్మమ్మ కాలం ఎల్లిపోనాది అయ్యా. ఇప్పుడెవులూ మనుసుల్ని కొనరు. నా సిన్నది వానలో సచ్చిపోనాది. కనకని కూడా సంపుకోమంతావా?”

 మర్నాడు మంగ్లు వెళ్ళి ఓవర్సీరు చూపించిన చోట బొటనవేలు ముద్ర వేసి వచ్చాడు. వేలికి అంటిన సిరాని సోంబరు ఇసకతో తోమాడు, నీళ్ళతో తోమాడు. అది పోలేదు. వెల పుచ్చుకోవడం అయిపోయింది, ఇక ఎప్పుడు అడుగుతారన్నదే మిగిలింది అనుకున్నాడు.

పని కాంట్రాక్టు వరహాలరావు పాడుకున్నాడు. గజపతినగరం వైపు మనిషి, మేస్త్రీలని పెళ్ళాలతో సహా వెంటబెట్టుకుని వచ్చాడు. గొంతు పెద్దది, మనసు చెడ్డది కాదు, దైవభక్తి కాస్త ఎక్కువ. కొత్తచోట పునాది వేస్తున్నాం, శాస్త్రం తప్పకూడదన్నాడు. మనకి తెలిసినదే, ఈశాన్యం మూల గొయ్యి తీసి, రాతికి పసుపు రాసి, కన్నెపిల్ల చేత పసుపునీళ్ళు చల్లించి, గుమ్మడికాయ కొట్టి మొదలుపెట్టడం. దానికో కన్నెపిల్ల కావాలి. ఊరంతా చూసి చలాకీగా ఉందని కనకని ఎంచుకున్నాడు.

“ఏటే గుంటా, నీ పేరేటి? కనకా? పేరే నచ్చిమీదేవి పేరు. రేపు పునాదికి నువ్వే ఉండాల” అని, ఎర్రంచు కొత్త గుడ్డ ఒకటి చేతిలో పెట్టాడు. మావైపు ఆడపిల్లని గుంట అనే అంటాం. మేస్త్రీ పెళ్ళాం యర్రమ్మ దయగల మనిషి. పిల్ల చింపిరి జుట్టు చూసి జాలిపడి, పీట వేసి కూర్చోబెట్టి, తలకి ఆముదం పట్టించింది. పనిలో పనిగా కాళ్ళకీ చేతులకీ పసుపు కూడా రాసింది. “రేపు పొద్దున్న పని అయ్యేదాకా ఏటీ తినకమ్మా” అంది. కనక ఎంత మురిసిపోయిందో ముసలితనంలో నాతో చెప్పింది. పుట్టినప్పటినుంచి దాని తల ఎవరూ అంతసేపు దువ్వలేదట.

అడవినుంచి కట్టెలు మోసుకుని సోంబరు అప్పుడే వచ్చాడు. ముందు గొయ్యి కనిపించింది. తర్వాత గొయ్యి పక్కన పీట, పీట మీద మనవరాలు, నూనె కారుతున్న జుట్టు, పసుపు కాళ్ళు, కొత్త గుడ్డ. కట్టెలు భుజం మీదనుంచి ఎప్పుడు జారిపోయాయో అతనికి తెలియలేదు.  అమ్మమ్మ ఏళ్ళ తరబడి చెప్పిన మాటలన్నీ ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాయి. కనక తాతని చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి అతను అక్కడే కూలబడ్డాడు.

కొడుకుతో చెప్పి లాభం లేదని తెలుసు. పొద్దు వాలుతూ ఉండగా కోడలు సోములమ్మని ఒక్కదాన్నే పిలిచి చెప్పాడు. సోములమ్మ ఒక పిల్లని పోగొట్టుకున్న తల్లి, ఆమెకి రెండోసారి చెప్పక్కర్లేకపోయింది. కనకని కొండ మీద పోడు మంచె దగ్గరికి తీసుకుపోయి, తాను పిలిచేదాకా దిగొద్దన్నాడు.

పిల్లని దాచేస్తే సరిపోతుందని మీరూ నేనూ అనుకుంటాం. సోంబరుకి సరిపోలేదు. కొనుక్కున్నవాడు ఊరుకోడు, ఇది దొరక్కపోతే పక్కింటి పిల్లని తీసుకుంటాడు. ముద్ర వేసింది తన కొడుకు, కాబట్టి ఇవ్వాల్సింది తన ఇంటినుంచే. పుచ్చుకున్నదానికి బదులు ఇవ్వకుండా అతను ఎన్నడూ ఉండలేదు. తెలతెలవారుతూ ఉండగా గెడ్డలో స్నానం చేసి, జుట్టు విరబోసుకుని, యర్రమ్మ దగ్గర మిగిలిన పసుపు తెచ్చి ఒళ్ళంతా తనే రాసుకున్నాడు. వచ్చి గొయ్యిలో దిగి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.  

వరహాలరావు కొబ్బరికాయ, గుమ్మడికాయ పట్టించుకుని వచ్చి గొయ్యిలోకి చూశాడు. ఏజెన్సీలో మనుషుల్ని బలిస్తారని అతనూ చిన్నప్పటినుంచి విని ఉన్నవాడే. పసుపు పూసుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్న ముసలివాడు. చుట్టూ చేరుతున్న కొండవాళ్ళు, ఒక్కొక్కడి భుజాన గొడ్డలి. కొండవాళ్ళ భుజాన గొడ్డలి ఎప్పుడూ ఉంటుంది. ఆ సంగతి ఆ క్షణంలో అతనికి గుర్తుకు రాలేదు. ఈ ముసలివాడు అయ్యాక మా వంతే అనుకున్నాడు. గుమ్మడికాయ అక్కడే వదిలేసి, మేస్త్రీలతో ఆడవాళ్ళతో సహా డుంబ్రిగుడ దాకా ఒక్క పరుగు. ఈ సంగతి మా నాయన చెప్పినప్పుడల్లా మేం నవ్వేవాళ్ళం. ఇప్పుడు నాకు నవ్వు రావడం లేదు. ఇద్దరికీ ఒకటే భయం, ఒకరంటే ఒకరికి.

పొద్దెక్కాక ఓవర్సీరు ఒక్కడే గుర్రం మీద వచ్చాడు. మంగ్లు తండ్రి చేతులు పట్టుకుని బయటికి లాగుతున్నాడు, సోంబరు రావడం లేదు. ఓవర్సీరు గొయ్యి అంచున కూర్చున్నాడు.

“తాతా, మిమ్మల్ని ఇందులో ఎవరు కూర్చోమన్నారు?”

“మీరే గదా. గుంట సిన్నది బాబూ, ఏటీ ఎరగదు. ముసిలోణ్ణి తీసుకోండి. ముసిలోడు సెల్లడని అనకండి.”

ఓవర్సీరుకి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వలేదు. అందుకే అతన్ని మంచి మనిషన్నాను. పసుపు తమ ఇళ్ళలో గడపకి కూడా రాస్తామని, కోసేది గుమ్మడికాయనేనని, సర్కారుకి మనిషి తలతో పని లేదని నెమ్మదిగా చెప్పాడు.

“మరి ఎందుకిత్తన్నారు?”

“చెప్పాను కదా. పైనుంచి వచ్చింది. మేం ఉగాది లోపల పెట్టకపోతే వెనక్కి పోతుంది.”

“పెట్టకపోతే ఉండలేనిది ఏటి బాబూ అది? దెయ్యమే గదా” అన్నాడు సోంబరు.

 చివరికి ఓవర్సీరు ఒక ఒప్పందం చేశాడు. కన్నెపిల్ల వద్దు, పసుపు వద్దు, గుమ్మడికాయ ఊరి బయట కొట్టుకోవచ్చు. ప్రతి ఇంటి గొయ్యీ రాయి పడి నిండేదాకా సోంబరు దగ్గరుండి చూడొచ్చు. సోంబరు అప్పుడు పైకొచ్చాడు. వరహాలరావుని బతిమాలి వెనక్కి తెచ్చేసరికి కొన్నాళ్ళు పట్టింది. పని సాగినన్నాళ్ళూ సోంబరు ప్రతి గోతిలోకీ వంగి చూశాడు. మేస్త్రీలు విసుక్కుని తిట్టేవాళ్ళు. వాళ్ళు తిట్టినప్పుడల్లా అతనికి కొంచెం ధైర్యం వచ్చేది.

ఉగాదికి ఇళ్ళు లేచాయి. వరసగా ఎర్ర పెంకులు, ఊరి మధ్య నుయ్యి. ఆడవాళ్ళు నూతి చుట్టూ దింసా ఆడారు. వానలు వచ్చినా ఒక్క చుక్క ఇంట్లో పడలేదు. సోములమ్మ ఒక రాత్రి కప్పు కేసి చూసి, ఈ ఇల్లు నిరుడు ఉండి ఉంటే అని ఏడ్చిందట.

సోంబరు మాత్రం ఆ కప్పు కింద పడుకోలేదు. గడప బయట, అడ్డంగా, పక్కన గొడ్డలి పెట్టుకుని పడుకునేవాడు. కనకని సంతకి పంపించేవాడు కాదు. కొత్తవాడెవడైనా ఊళ్ళోకి వస్తే పిల్లని లోపలికి తోసి గుమ్మానికి అడ్డం నిలబడేవాడు. మంగ్లు వేళాకోళం చేసేవాడు. “ఎవులొచ్చారయ్యా? సర్కారు మరిసిపోనాదేమో” అనేవాడు. సర్కారు మరిచిపోదని సోంబరు అనేవాడు. రాత్రిళ్ళు ఆకు రాలినా లేచి కూర్చునేవాడు. ఆ ఏడాదిలో మనిషి సగమయ్యాడు.

మళ్ళీ దసరా వెళ్ళాక, ఆ కొండ ఊళ్ళ పెత్తందారైన ముఠాదారు మనిషి డప్పు వాయించుకుంటూ వచ్చాడు. ఘాటీ రోడ్డు వెడల్పు చేస్తున్నారు, సర్కారు మీకు ఇళ్ళిచ్చింది కాబట్టి పెంకుటింటికో మనిషి రావాలన్నాడు. జనం గొణిగారు. సోంబరు ముందుకొచ్చాడు. 

“ఏ మనిసి? గుంటలేటి?”

“గుంటలతో ఏటి పని? బండలు మొయ్యాల. వయసులో ఉన్న మగోడు కావాల. బేగి రండి, లేకపోతే ఈపులు సీరేత్తాం.”

సోంబరు నవ్వాడు. అతను పళ్ళు కనిపించేలా నవ్వడం కనక అదే మొదటిసారి చూసిందట. ఇంతకాలానికి అడిగారు, అడిగినది రెక్కల కష్టం. ఇంటికి బదులు పని. పైగా తిట్టారు కూడా. ఇది అతనికి అర్థమయ్యే బేరం. తనే చోడి అంబలి ఆనపకాయ బుర్రలో పోసి, మంగ్లు చేతికి ఇచ్చాడు.

“ఎల్లు నాయనా, బేగి ఎల్లు. దీంతో సెల్లిపోద్ది. మరేటీ అడగరు.”

మంగ్లుకి వెళ్ళాలని లేదు. పొలంలో సామలు కోతకి వచ్చి ఉన్నాయి. తండ్రి ముఖంలో ఆ వెలుగు చూసి వెళ్ళాడు. ఆ రాత్రి సోంబరు గొడ్డలి గోడకి ఆనించి, మొదటిసారి ఇంట్లో, పెంకుల కింద, మనవరాలి పక్కన పడుకున్నాడు. తెల్లారి ఎండ ముఖం మీద పడేదాకా లేవలేదు.

ఘాటీ మీద బండలు మందుపెట్టి పేల్చేవారు. పేల్చేముందు కొమ్ము ఊదాలి, కూలీలు దూరంగా పోవాలి. ఆ రోజు కొమ్ము ఊదారని రోడ్డు కాంట్రాక్టరు అన్నాడు. కొమ్ము ఊదలేదని కూలీలు అన్నారు. మంగ్లు బండ కింద ఉన్నాడు. ఊరివాళ్ళు అతన్ని దుప్పట్లో కట్టి, వాసానికి వేలాడదీసుకుని తెచ్చారు. తెచ్చి నూతి దగ్గర దించారు.

సోములమ్మ ఏడుపు కొండలన్నీ విన్నాయి. సోంబరు ఏడవలేదు. దుప్పటి తీసి కొడుకు ముఖం చూశాడు. మంగ్లు బొటనవేలు పట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. “గుంటని కాసినాను. నిన్ను కాయనేదు” అన్నాడు. “నానే పంపినాను. నవ్వుతూ పంపినాను.” ఆ మాటలు కనక నాతో చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. 

తర్వాత వచ్చిన సంతకి సోంబరు మామూలుగానే వచ్చాడు. పక్కన కనక ఉంది, ఎప్పుడూ సంతకి తేని పిల్లని ఆ రోజు చెయ్యి పట్టుకోకుండానే తెచ్చాడు. అప్పటికి మా నాయనకి ఈ కబురు తెలియదు. చింతపండు పుచ్చుకుని, సోలతో ఉప్పు కొలిచి గుడ్డలో పోశాడు. ఇతను పుచ్చుకోడు కదా అని కొసరు వెయ్యలేదు. వెనకవాడి బేరం చూడబోతే సోంబరు ఇంకా గుడ్డ చాపుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

“కొసరెయ్యి బాబూ” అన్నాడు.

“నీకొద్దు గదా సోంబరూ?”

“ఇప్పుడు ఎయ్యొచ్చు. ఇచ్చేసినాను.”

ఏమిచ్చాడో మా నాయనకి అర్థం కాలేదు, వెనక నిలబడ్డవాడు చెవిలో చెప్పాడు. మా నాయన సోల పక్కన పడేసి, రెండు చేతులతో రాశిలోంచి తీసి గుడ్డలో పోశాడు. సోంబరు దాన్ని మూట కట్టుకుని, గుడ్డ దులిపి చూసుకోకుండా వెళ్ళిపోయాడు.